దొరికే మాటతో వెతకండి

మిరప తోటలో ఆకులు ముడుచుకుపోతున్నాయి. రైతు ఫోను తీసి "మిరప ఆకులు ముడుచుకుపోతున్నాయి ఏం మందు కొట్టాలి" అని అడుగుతాడు. రెప్పపాటులో తెర నిండిపోతుంది. పైన పురుగుమందుల ప్రకటనలు. వాటి కింద ఒక్కో మందును పొగిడే వీడియోలు. ఇంకా కిందికి వెళ్తే ఏ ఏడాదిదో తెలియని వార్త. గుంటూరు దగ్గర లాంలో ఉన్న ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు మిరప ముడత మీద ఏళ్ల తరబడి పనిచేశారు. వాళ్ల సలహాలు కూడా ఇదే ఇంటర్నెట్‌లో ఉన్నాయి, పైసా ఖర్చు లేకుండా చదువుకోవచ్చు. అయినా రైతు అడిగినప్పుడు అవి కంటికి కనబడవు.

ఇది ఒక్క రైతు సమస్య కాదు. పింఛను నిబంధన వెతికే ఉద్యోగికీ, పాత పద్యకావ్యం కోసం తిరిగే విద్యార్థికీ, మందుచీటీలో పేరు అర్థంకాని గృహిణికీ ఇదే అనుభవం. సమాచారం ఉంది, కానీ మన చేతికి రాదు. ఎందుకు రాదో తెలియాలంటే, వెతుకు అని నొక్కిన తర్వాత లోపల ఏం జరుగుతుందో కాస్త చూడాలి.

ముందే రాసిపెట్టిన పదసూచిక

మనం వెతికినప్పుడు గూగుల్ గానీ, బింగ్ గానీ ఆ క్షణంలో ఇంటర్నెట్ అంతా తిరిగిరావు. తిరగడం ముందే అయిపోయి ఉంటుంది. క్రాలర్లు అనే ప్రోగ్రాములు ఒక పేజీ తెరిచి, అందులోని లింకులు పట్టుకుని తర్వాతి పేజీకి, అక్కడినుంచి ఇంకో పేజీకి వెళుతూ చూసినదంతా రాసుకుంటూ ఉంటాయి. అలా రాసుకున్నదాన్ని తిరగేసి అమర్చుతారు. పెద్ద పుస్తకం చివర పదసూచిక ఉంటుంది కదా, "చెరువు: 12, 47, 203" అని. సరిగ్గా అదే పద్ధతి. ఏ మాట ఏయే పేజీల్లో ఉందో ముందే పట్టిక సిద్ధంగా ఉంటుంది. మీరు మూడు మాటలు ఇస్తే, సెర్చ్ ఇంజిన్ ఆ మూడింటి వరసలూ తీసి, మూడింటిలోనూ ఉన్న పేజీలను ఏరుతుంది. కోట్ల పేజీల్లోంచి అర సెకనులో జవాబు రావడం వెనక ఉన్న కిటుకు ఇదే.

మొదట్లో ఈ సూచిక చాలా చిన్నది. 1990లో మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో అలన్ ఎంటేజ్ తయారుచేసిన ఆర్చీ, ఫైళ్ల పేర్లను మాత్రమే వెతికేది. లోపలి సంగతి దానికి తెలియదు. తర్వాత వచ్చినవి పేజీ లోపలి ప్రతి మాటనూ సూచికలోకి ఎక్కించాయి. అక్కడే కొత్త చిక్కు మొదలైంది. "మిరప" అనే మాట ఉన్న పేజీలు లక్షల్లో ఉంటే, దేన్ని ముందు పెట్టాలి?

దీనికి రెండు గొప్ప ఆలోచనలు దారి చూపాయి. రెండోదే అందరికీ తెలుసు. స్టాన్‌ఫర్డ్‌లో చదువుతున్న లారీ పేజ్, సెర్గీ బ్రిన్ ఒక పేజీకి బయటినుంచి ఎన్ని లింకులు వస్తున్నాయో, ఆ లింకులిచ్చే పేజీలకు ఎంత పలుకుబడి ఉందో లెక్కగట్టారు. 1998లో గూగుల్ కంపెనీ పుట్టింది ఆ లెక్క మీదే. మొదటి ఆలోచన అంతకు పాతికేళ్లు ముందుది. కేంబ్రిడ్జిలో పనిచేసిన కారెన్ స్పార్క్ జోన్స్ 1972లో ఒక వ్యాసంలో ప్రతిపాదించారు. చాలా పత్రాల్లో కనిపించే మాటకు విలువ తక్కువ, కొద్ది పత్రాల్లోనే కనిపించే మాటకు విలువ ఎక్కువ అని ఆమె చూపారు. వినడానికి ఇంతేనా అనిపిస్తుంది. కానీ ఆ తర్వాత వచ్చిన సెర్చ్ పద్ధతుల్లో చాలావాటిలో ఈ సూత్రం ఏదో రూపంలో ఉంది. మన చేతికి అందే ఉపాయం కూడా ఈ సూత్రంలోనే ఉంది. లింకుల లెక్కను మనం మార్చలేం. మాటను మాత్రం ఎంచుకోగలం.

అరుదైన మాట ఎక్కడ దొరుకుతుంది?

మళ్లీ మిరప తోటకు వద్దాం. రైతు ఇచ్చిన మాటలు మిరప, ఆకులు, మందు, కొట్టాలి. అన్నీ సర్వసాధారణమైనవే. మందు అమ్మే ప్రతి పేజీలోనూ ఉంటాయి. ఆకులు ముడుచుకుపోవడానికి ఉన్న పేరు "ముడత" ఒక్కటే కాస్త పనికొచ్చే మాట. అయితే మిరపలో ముడత ఒకటి కాదు. ఆకు అంచులు పైకి ముడుచుకుని పడవలా మారితే గుంటూరు, ఖమ్మం రైతులు పై ముడత అంటారు. అది తామర పురుగుల పని. ఆకు కిందికి ముడుచుకుని, కాడ సాగితే కింది ముడత. అది నల్లి వల్ల వస్తుంది. ఆకులు చిన్నవై గుబురుగా ముడుచుకుంటే తెల్లదోమ మోసుకొచ్చే వైరస్ కావచ్చు. నల్లికి వాడే మందు తామర పురుగును చంపకపోవచ్చు. వైరస్‌కైతే మందే లేదు, దోమను అదుపు చేయడమే మార్గం. "ముడత" అని మాత్రమే వెతికితే ఈ మూడూ కలగలిసి వస్తాయి. "మిరప కింది ముడత నల్లి" అని వెతికితే పేజీ రూపమే మారిపోతుంది. ఆ మాటలు వాడేవాడు పొలం చూసినవాడై ఉంటాడు కాబట్టి.

ఇంకా ఒక మెట్టు ఎక్కవచ్చు. 2021 చివర్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ మిరప తోటల మీద కొత్త రకం తామర పురుగు విరుచుకుపడింది. పూలలో గుంపులుగా చేరి పూత రాల్చేసింది. రైతులు దాన్ని నల్ల తామర పురుగు అన్నారు. శాస్త్రవేత్తలు పెట్టిన పేరు త్రిప్స్ పార్విస్పైనస్. ఆగ్నేయాసియా నుంచి వచ్చిన పురుగు. మన దేశంలో 2015లోనే బెంగళూరులో బొప్పాయి మీద కనిపించింది. ఆ రెండో పేరును ఇంగ్లిష్ అక్షరాల్లో టైపు చేసి చూడండి. ప్రకటనలు చాలావరకు తప్పుకుంటాయి. ఇండోనేషియాలో దాన్ని ఎలా ఎదుర్కొన్నారు, నీలిరంగు జిగురు అట్టలు ఎందుకు పెట్టాలి, ఏ మందులకు లొంగుతుంది, దేనికి లొంగదు అని పరిశీలించిన పత్రాలు వస్తాయి. ఆ రెండు మాటలు శాస్త్రవేత్తలు తప్ప వేరెవరూ పెద్దగా రాయరు. స్పార్క్ జోన్స్ చెప్పిన అరుదైన మాట అంటే ఇదే.

సెర్చ్ ఇంజిన్‌కు మన ప్రశ్న ఇవ్వడం కన్నా, జవాబు ఉన్న పేజీలో ఏ మాట ఉంటుందో ఊహించి అది ఇవ్వడం మేలు. నా దృష్టిలో వెతుకులాట విద్య అంతా ఈ ఒక్క ఊహలో ఉంది. డాక్టరుకు ఒళ్లు మండుతోందని చెబుతాం, ఆయన తన కాగితం మీద ఇంకో పేరు రాసుకుంటాడు. వెతకాల్సింది ఆయన రాసిన పేరుతో.

ఆ పేరు మనకెలా తెలుస్తుంది? దీనికి అందరి చేతిలో ఉన్న ఉచిత సాధనం వికీపీడియా. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. అందులో ఒక మొక్క గురించో, జబ్బు గురించో వ్యాసం తెరిస్తే, అదే విషయం మీద ఇతర భాషల వ్యాసాలకు లింకులుంటాయి. ఇంగ్లిష్ మీద నొక్కితే శాస్త్రీయనామం, ఇంగ్లిష్ పేరు, దానికి దగ్గరి పరిభాష అన్నీ ఒక్కచోట కనబడతాయి. నిఘంటువులో లేని మాటలకు ఇదే నిఘంటువు. సాధారణ మాటలకైతే ఆంధ్రభారతి వెబ్‌సైటులో అనేక తెలుగు నిఘంటువులను ఒకేసారి వెతకవచ్చు. చికాగో విశ్వవిద్యాలయం నడిపే దక్షిణాసియా గ్రంథాలయ సైటులో బ్రౌన్ నిఘంటువు, గ్విన్ నిఘంటువు రెండూ ఉన్నాయి.

[బాక్స్]
వడపోతకు అయిదు గుర్తులు

వీటిని ఇంగ్లిష్ అక్షరాల్లోనే టైపు చేయాలి. కోలన్ తర్వాత ఖాళీ వదలకూడదు.

కొటేషన్ గుర్తులు: రెండు మూడు మాటలను కొటేషన్లలో పెడితే అవి అదే వరసలో ఉన్న పేజీలనే అడిగినట్టు. పాత సామెతకు, చట్టంలోని వాక్యానికి, మనిషి పూర్తి పేరుకు ఇది తప్పనిసరి.

సైట్ కోలన్: దీని పక్కన ఒక వెబ్‌సైటు పేరు రాస్తే ఆ సైటు లోపలే వెతుకుతుంది. పూర్తి పేరు తెలియకపోతే గవ్ డాట్ ఇన్ అని మాత్రం రాయండి, ప్రభుత్వ సైట్లే వస్తాయి. ఏసీ డాట్ ఇన్ అంటే విశ్వవిద్యాలయాలు, ఇతర విద్యాసంస్థలు.

ఫైల్‌టైప్ కోలన్ పీడీఎఫ్: నివేదికలు, ఉత్తర్వులు, పరిశోధన పత్రాలు ఎక్కువగా ఈ రూపంలోనే ఉంటాయి. అమ్మకపు పేజీలు ఈ రూపంలో అరుదు.

మైనస్: అక్కర్లేని మాట ముందు ఖాళీ లేకుండా ఈ గుర్తు పెడితే, ఆ మాట ఉన్న పేజీలు తొలగిపోతాయి. ఒకే పేరున్న సినిమా, ఊరు కలిసి వస్తుంటే సినిమా మాట ముందు మైనస్ పెట్టండి.

ఆఫ్టర్ కోలన్, బిఫోర్ కోలన్: పక్కన సంవత్సరం రాస్తే ఆ తర్వాతివి, లేదా ఆ ముందువి. పథకాల నిబంధనలు వెతికేవారికి ఇది ఎంతో అవసరం. పాత నిబంధన చదివి దరఖాస్తు పెట్టి తిరస్కారానికి గురయ్యేవారు చాలామంది.
[బాక్స్ ముగిసింది]

అడిగిన వైపే మొగ్గుతుంది

అరుదైన మాట తెలిసినా ఇంకో గుంట మిగిలే ఉంది. "తిప్పతీగ ఉపయోగాలు" అని వెతికితే ఉపయోగాలే వస్తాయి. ఆ మాట ఉన్న పేజీలనే కదా మనం అడిగాం. కరోనా రోజుల్లో తిప్పతీగ కషాయం ఇంటింటా కాగింది. 2021లో ముంబయి వైద్యులు ఆరుగురు రోగుల వివరాలు ఒక వైద్య పత్రికలో ప్రచురించారు. తిప్పతీగ వాడిన తర్వాత వాళ్ల కాలేయం దెబ్బతిన్నదన్నది వాళ్ల పరిశీలన. ఆయుష్ మంత్రిత్వ శాఖ దాన్ని తోసిపుచ్చుతూ, వాడిన మొక్క తిప్పతీగేనా అని ప్రశ్నించింది. ఈ రెండు వాదాలూ చదివే హక్కు కషాయం తాగేవాడికి ఉంది. "ఉపయోగాలు" అని వెతికినవాడికి మాత్రం అవి చేరవు. తిప్పతీగ శాస్త్రీయనామం కలిపి "టైనోస్పోరా కార్డిఫోలియా లివర్ ఇంజురీ" అని ఇంగ్లిష్ అక్షరాల్లో, పబ్‌మెడ్‌లోనో గూగుల్ స్కాలర్‌లోనో వెతికితే చేరతాయి. పరిశోధన పత్రాలను వెతికే ఈ రెండు సైట్లూ ఉచితం. పత్రం మొత్తం డబ్బు కట్టి చదవాల్సి వచ్చినా, సారాంశం అందరికీ కనబడుతుంది.

అందుకే ఏ విషయమైనా కనీసం రెండుసార్లు, ఎదురెదురు మాటలతో వెతకాలి. లాభాలు అని ఒకసారి, దుష్ప్రభావాలు అని ఒకసారి. పథకం పేరుతో ఒకసారి, ఆ పథకంపై ప్రభుత్వ ఖర్చులు తనిఖీ చేసే కాగ్ నివేదికతో ఒకసారి.

తెలుగులో వెతికితే ఎందుకు దొరకదు?

ఇంతదాకా ఇంగ్లిష్ మాటలవైపు వెళ్లమని చెప్పాను. అది సంతోషంగా చెప్పిన మాట కాదు. 2011 జనగణన ప్రకారం మన దేశంలో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు 8 కోట్ల 11 లక్షలు. ఇంటర్నెట్ పేజీలను క్రమం తప్పకుండా సేకరించి అందరికీ ఇచ్చే కామన్ క్రాల్ అనే లాభాపేక్ష లేని సంస్థ లెక్కల్లో ఇంగ్లిష్ పేజీల వాటా 40 శాతానికి పైన. తెలుగు వాటా వెయ్యిలో ఒక వంతు కూడా లేదు. రాసింది తక్కువ అన్నది నిజమే. కానీ రాసింది కూడా దొరక్కుండా పోతోంది. దానికి మూడు కారణాలున్నాయి.

మొదటిది మన వ్యాకరణం. ఇంగ్లిష్‌లో విభక్తి పని చేసే మాట విడిగా, ముందు నిలబడుతుంది. మనకు మాటకే అతుక్కుంటుంది. చెరువు, చెరువులో, చెరువుకు, చెరువులకే, చెరువుల్లోని. పదసూచికలో ఇవన్నీ వేర్వేరు మాటలు. ఇంగ్లిష్‌కు 1980లోనే మార్టిన్ పోర్టర్ మాటల తోకలు కత్తిరించి మూలానికి తెచ్చే పద్ధతి రాశారు. తెలుగులో ఒక్క క్రియకే లెక్కలేనన్ని రూపాలు ఉన్నాయి. సంధి కలిస్తే మూలం ఆనవాలే పట్టదు. గూగుల్ 2019 నుంచి బెర్ట్ అనే పద్ధతితో వాక్యం భావాన్ని పట్టుకునే ప్రయత్నం చేస్తోంది. కానీ అలాంటి పద్ధతులు నేర్చుకునేది ఉన్న పాఠం నుంచే. పాఠం తక్కువ ఉన్న భాషలో వాటి పట్టు కూడా తక్కువే. కాబట్టి తెలుగులో వెతికేటప్పుడు మాటలను విప్పి ఇవ్వండి. "పోలవరం నిర్వాసితుల పునరావాసానికి" అని కాకుండా "పోలవరం నిర్వాసితులు పునరావాసం" అని.

రెండోది వర్ణక్రమం. ఇంగ్లిష్, ఇంగ్లీషు, ఆంగ్లం. డాక్టర్, డాక్టరు. హైదరాబాద్, హైదరాబాదు. ఇవన్నీ అచ్చులో ఉన్నాయి, ఏదీ తప్పు కాదు. ఒక రూపంతో దొరక్కపోతే రెండోదానితో వెతకాలి. రెండు రూపాల మధ్య ఇంగ్లిష్ పెద్ద అక్షరాల్లో ఓఆర్ అని పెడితే రెండూ ఒకేసారి వస్తాయి.

మూడోది అన్నిటికన్నా పెద్దది. మన కంటికి కనబడదు కాబట్టి మనం దాని గురించి మాట్లాడుకోం.

కంటికి తెలుగు, యంత్రానికి కాదు

కంప్యూటరుకు అక్షరం ఆకారం తెలియదు. దానికి అంకెలే తెలుసు. ప్రపంచ భాషలన్నిటికీ ఒక్కో అక్షరానికి ఒక్కో అంకె కేటాయించిన ఒప్పందం యూనికోడ్. అందులో తెలుగుకు 3072 నుంచి 3199 దాకా చోటు ఇచ్చారు. "అ"కు 3077. "క"కు 3093. మీరు ఫోనులో "క" కొట్టి వెతికితే, సెర్చ్ ఇంజిన్ 3093 అంకె ఉన్న పేజీలను చూస్తుంది.

యూనికోడ్ మన అచ్చుశాలల్లోకి రాకముందే డీటీపీ, అంటే కంప్యూటరు మీద పేజీలు కూర్చే పద్ధతి, వచ్చింది. అప్పట్లో ఫాంట్లు తయారుచేసినవాళ్లు ఒక సులువైన దారి పట్టారు. ఇంగ్లిష్ అక్షరాలకు, గుర్తులకు ఉన్న అంకెలనే తీసుకుని, వాటి ఆకారం మాత్రం తెలుగు అక్షరపు ముక్కగా గీశారు. ఒక అంకెకు తలకట్టు, ఇంకో అంకెకు గుడి, మరోదానికి వత్తు. తెర మీద, కాగితం మీద ముచ్చటైన తెలుగు కనబడుతుంది. ఫైలు లోపల ఉన్నవి ఇంగ్లిష్ అక్షరాల అంకెలు. అను ఫాంట్లతో తయారైన లక్షలాది పేజీలు ఇలాంటివే. ఆహ్వానపత్రికలు, పాఠ్యపుస్తకాలు, పత్రికలు, ప్రభుత్వ కరపత్రాలు. ఆ ఫైలును పీడీఎఫ్ చేసి వెబ్‌సైటులో పెడితే మనిషి చదవగలడు, సెర్చ్ ఇంజిన్‌కు మాత్రం అర్థంలేని గుర్తుల వరస ఎదురవుతుంది. "మిరప" అన్న మాట అందులో వంద చోట్ల ఉన్నా, పదసూచికలో ఒక్కచోట కూడా చేరదు.

మొదట్లో అడిగిన ప్రశ్నకు సగం జవాబు ఇక్కడుంది. మన విశ్వవిద్యాలయాలు ఏటా వెలువరించే వ్యవసాయ పంచాంగం లాంటి పుస్తకాల్లో పంటవారీగా సలహాలుంటాయి. పుస్తకం నెట్‌లో ఉండటం వేరు, దాని అక్షరాలు నెట్‌లో ఉండటం వేరు. స్కాన్ చేసి పెట్టిన పుస్తకాలదీ ఇదే గతి. అవి అక్షరాలు కావు, అక్షరాల ఫొటోలు.

[బాక్స్]
మీ పీడీఎఫ్‌లో అక్షరాలున్నాయా?

ఫైలు తెరిచి ఒక వాక్యం మీద వేలు నొక్కి పట్టుకోండి, లేదా మౌస్‌తో ఎంచుకోండి. అసలు ఎంపికే కాకపోతే అది ఫొటో. ఎంపికైతే కాపీ చేసి వాట్సాప్‌లోనో నోట్స్‌లోనో అతికించండి. తెలుగే వస్తే యూనికోడ్. ఇంగ్లిష్ అక్షరాలు, వింత గుర్తులు వస్తే పాత ఫాంటు.

ఫొటో అయినా, పాత ఫాంటు అయినా మందు ఒకటే. ఆ పేజీలను బొమ్మలుగా మార్చి, బొమ్మలోని అక్షరాలను చదివే ఓసీఆర్‌కు ఇవ్వడం. గూగుల్ డ్రైవ్‌లోకి ఫైలు ఎక్కించి, దాన్ని గూగుల్ డాక్స్‌తో తెరవండి. బొమ్మ కింద యూనికోడ్ తెలుగు పాఠం వస్తుంది. ఫోనులో గూగుల్ లెన్స్ కూడా ఈ పని చేస్తుంది. కంప్యూటరు మీద పట్టున్నవారికి టెసరాక్ట్ ఉంది. హ్యూలెట్ ప్యాకర్డ్ 1980లలో మొదలుపెట్టి, 2005లో అందరికీ తెరిచి ఇచ్చిన ప్రోగ్రాము. తెలుగు చదువుతుంది. ఇంటర్నెట్ లేకుండా మీ సొంత కంప్యూటరులోనే నడుస్తుంది కాబట్టి, బయటపెట్టకూడని కాగితాలకు ఇదే సరైనది.
[బాక్స్ ముగిసింది]

ఓసీఆర్ తప్పులు చేస్తుంది. తెలుగులో ఒక హల్లుకు గుణింతం, దానికింద వత్తు, ఆ వత్తు కింద ఇంకో వత్తు కలిసి ఒకే ముద్దగా ఉంటాయి. థ, ధ మధ్య తేడా ఒక్క చుక్కే. పాత అచ్చులో సిరా పారిన చోట మనిషే తడబడతాడు. అందుకని పేర్లు, అంకెలు, మందు మోతాదులు అసలు పేజీతో పోల్చి చూసుకోకుండా వాడకండి.

పాత పుస్తకాలు, పోయిన పేజీలు

తెలుగు పుస్తకాల సంగతి వచ్చింది కాబట్టి రాజ్ రెడ్డి గారి పేరు చెప్పాలి. చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టి, అమెరికాలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడై, 1994లో కంప్యూటర్ శాస్త్రంలో అత్యున్నతమైన ట్యూరింగ్ పురస్కారం అందుకున్నారు. పది లక్షల పుస్తకాలను స్కాన్ చేసి అందరికీ ఉచితంగా ఇవ్వాలన్న పథకానికి ఆయన ముందు నిలిచారు. దాని భారతీయ శాఖే డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా. వేల తెలుగు పుస్తకాలు అలా స్కాన్ అయ్యాయి. వాటిలో ఎన్నో ఇప్పుడు ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే సైటులో చదువుకోవచ్చు, దించుకోవచ్చు.

వాటిని వెతకడంలో ఒక మెలకువ ఉంది. పుస్తకాల పేర్లను ఎక్కువగా ఇంగ్లిష్ అక్షరాల్లో, ఎవరికి తోచినట్టు వారు నమోదు చేశారు. ఒకే పేరు చివర మకారంతో ఒకచోట, ఉకారంతో ఇంకోచోట ఉంటుంది. హ అక్షరం ఒకచోట ఉండి మరోచోట పోతుంది. కాబట్టి పేరు మొత్తం టైపు చేయకండి. పేరులో వర్ణక్రమం మారడానికి వీల్లేని చిన్న ముక్క, రచయిత ఇంటిపేరు ఇస్తే చాలు. భాషను తెలుగుగా ఎంచుకుంటే జాబితా ఇంకా తగ్గుతుంది. పరిశోధన గ్రంథాలు కావాలంటే గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడిపే శోధ్‌గంగకు వెళ్లండి. మన విశ్వవిద్యాలయాల్లో తెలుగు సాహిత్యం మీద వచ్చిన సిద్ధాంత గ్రంథాలు పూర్తిగా దొరుకుతాయి.

బ్రూస్టర్ కేల్ 1996లో స్థాపించిన ఈ ఇంటర్నెట్ ఆర్కైవ్ ఇంకో పని కూడా చేస్తుంది. వెబ్‌పేజీలను ఎప్పటికప్పుడు ప్రతి తీసి దాచిపెడుతుంది. 2025 అక్టోబరు నాటికి దాచిన పేజీలు లక్ష కోట్లకు చేరాయి. దీని అవసరం ఎంతటిదో చెప్పే లెక్క ఒకటుంది. అమెరికాలోని ప్యూ పరిశోధన సంస్థ 2024లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, 2013లో ఉన్న వెబ్‌పేజీల్లో 38 శాతం పదేళ్లకు అందుబాటులో లేవు. లింకు పనిచేయలేదని వెనక్కి రాకండి. ఆ చిరునామాను వేబ్యాక్ మెషీన్ అనే దాని పేజీలో అతికించండి. మీరు ఆధారంగా వాడే ఉత్తర్వునో, ఫలితాల పేజీనో అక్కడే భద్రపరచవచ్చు కూడా.

బొమ్మలకూ ఇలాంటి సాధనాలున్నాయి. తుపాను రాగానే పాత తుపాను ఫొటోలు వాట్సాప్‌లో తిరుగుతాయి. గూగుల్ లెన్స్‌కో, టిన్‌ఐకో ఆ ఫొటో ఇస్తే రంగులు, అంచులు, ఆకారాలను అంకెలుగా మార్చి, అలాంటి అంకెలున్న పాత ఫొటోలను చూపిస్తుంది. టిన్‌ఐలో పాతది ముందు అని అమర్చుకుంటే, ఆ ఫొటో నెట్‌లో మొదట కనిపించిన తేదీకి దగ్గరగా వెళ్లవచ్చు.

మోసగాళ్లకూ ఈ సూత్రం తెలుసు

మాట కలిస్తే పేజీ పైకొస్తుందన్న సంగతి మంచివాళ్లకన్నా ముందే మోసగాళ్లు పట్టుకున్నారు. బ్యాంకు పేరు పక్కన "కస్టమర్ కేర్ నంబర్" అని మనం వెతుకుతాం. అసలు బ్యాంకు సైటులో ఆ నంబరు ఎక్కడో లోపలి పేజీలో ఒక్కసారి ఉంటుంది. మోసగాడు అవే మాటలు పదేపదే రాసి, తన నంబరు పెట్టి పేజీలు గుప్పిస్తాడు. మ్యాపుల్లో ఫోను నంబరు మార్పు సూచించే వీలు ఎవరికైనా ఉంటుంది, దాన్నీ వాడుకుంటాడు. ఫోను చేసినవాడు తనంతట తానే వలలో పడతాడు. జీవితమంతా కూడబెట్టింది ఒక్క ఫోనుతో పోగొట్టుకున్నవారు మన రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నారు.

నంబరు కోసం ఎప్పుడూ వెతకవద్దు. ఏటీఎం కార్డు వెనక ఉంటుంది, పాస్‌బుక్ మీద ఉంటుంది. సైటుకే వెళ్లాలంటే చిరునామా చివర చూడండి. రిజర్వు బ్యాంకు మన దేశపు బ్యాంకులన్నీ 2025 అక్టోబరు 31 లోగా బ్యాంక్ డాట్ ఇన్ అనే చిరునామాకు మారాలని ఆదేశించింది. ఆ చిరునామాలు ఇచ్చే అధికారం హైదరాబాదులోని బ్యాంకింగ్ సాంకేతిక సంస్థ ఐడీఆర్‌బీటీకి మాత్రమే ఉంది. బయటివాళ్లు కొనుక్కునే వీల్లేదు కాబట్టి అది నమ్మదగిన గుర్తు. డబ్బు పోతే క్షణం ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను చేయండి. సొమ్ము చేతులు మారకముందే ఖాతా స్తంభింపజేయగలిగితే తిరిగి వచ్చే అవకాశం ఉంటుంది.

జవాబు చెప్పే యంత్రాలు

ఇప్పుడు చాలామంది వెతకడం మానేసి ఏఐని అడుగుతున్నారు. సెర్చ్ పేజీ పైభాగంలోనే తయారు జవాబు కనిపిస్తోంది. ఇది పదసూచిక పద్ధతి కాదు. చదివిన కోట్ల పేజీల ఆధారంగా, ఒక మాట తర్వాత ఏ మాట రావడం సహజమో అంచనా వేస్తూ వాక్యం అల్లుతుంది. కొన్ని ముందు వెతికి, దొరికిన పేజీలను బట్టి అల్లుతాయి. నున్నగా ఉన్న వాక్యం నిజమని మనకు అనిపిస్తుంది. తెలుగు పాఠం తక్కువగా చదివిన యంత్రం మన పంటల పేర్లు, ఊళ్ల పేర్లు, మన కవుల పుస్తకాల పేర్లు కలిపేస్తుంది, అదే ధీమాతో.

దాన్ని వదిలేయమని అనను. ఒక పనికి అది చాలా మంచిది. మాట తెలియనప్పుడు మాట అడగడానికి. "ఆకు కిందికి ముడుచుకుని కాడ సాగుతోంది, దీన్ని వ్యవసాయ శాస్త్రంలో ఏమంటారు, ఇంగ్లిష్ పేరు ఏమిటి" అని అడగండి. వచ్చిన పేరుతో మీరే విశ్వవిద్యాలయ సైటులో వెతకండి. అది లేని పేరైతే అక్కడ ఏమీ దొరక్క తెలిసిపోతుంది. మోతాదు మాత్రం, అది పురుగుమందుదైనా పిల్లల జ్వరం మందుదైనా, దాన్ని అడిగి వాడవద్దు.

అక్షరాలు ఎక్కించాల్సింది మనమే

ఇన్ని ఉపాయాలు చెప్పాక కూడా ఒక హద్దు మిగిలే ఉంటుంది. పదసూచికలోకి ఎక్కని మాటను ఎంత తెలివిగా వెతికినా లాభం లేదు. తెలుగులో ఆ హద్దును జరపగలిగేది తెలుగువాళ్లే. ప్రభుత్వ శాఖలు, విశ్వవిద్యాలయాలు కరపత్రాలనూ పుస్తకాలనూ యూనికోడ్‌లో విడుదల చేయాలి. దీనికి కొత్త యంత్రాలు అక్కర్లేదు, ఒక ఉత్తర్వు చాలు. మీ ఊరి పంచాయతీ, మీ సంఘం, మీ పత్రిక వెలువరించే కాగితాలు ఏ ఫాంటులో ఉన్నాయో మీరు అడగవచ్చు.

చదివే ఓపిక ఉన్నవారికి తెలుగు వికీసోర్స్ ఉంది. అక్కడ పాత పుస్తకం పేజీ ఫొటో ఒకవైపు, ఓసీఆర్ తీసిన పాఠం ఇంకోవైపు కనబడతాయి. తప్పులు చూసి దిద్దడమే పని. ఫీజు లేదు, అర్హత పరీక్ష లేదు, తెలుగు చదవడం వస్తే చాలు. ఉద్యోగ విరమణ చేసిన ఉపాధ్యాయులు, తెలుగు ఎమ్మే చదివే విద్యార్థులు, విదేశాల్లో ఉండి భాషకు ఏదైనా చేయాలనుకునేవారు ఈ వారమే ఒక పేజీ తెరిచి దిద్దండి. మీరు దిద్దిన పేజీలోని ప్రతి మాటా ఆ తర్వాత వెతికే ప్రతి తెలుగువాడికీ దొరుకుతుంది.